రాణి ప్లస్

గోనెసంచుల సంస్థ ఎం.డి. గారికి ఏడుపొచ్చింది.

మామూలుగా ఆయనకి ఏడుపు రాదు. ఎదుటివాళ్లకి తెప్పిస్తారు. ఆయన గదిలోంచి కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చినవాళ్లు సంస్థలో సగం మంది ఉంటారు గాని, ఆయన కళ్లు తుడుచుకుంటుండగా చూసినవాడు ఒక్కడూ లేడు. అలాంటి మనిషి వేసవి సెలవులకి కూతురింటికి వెళ్లి, మనవలతో పాటు సోఫాలో కూర్చుని, సైన్యంలో పనిచేసే కుక్క గురించి ఎవరో తీసిన కుటుంబ కథాచిత్రం ఒకటి చూశారు. మంచులో తప్పిపోయిన సైనికుడి కోసం కుక్క ఎదురుచూస్తుంది. అంతే కథ. ఆయన వెక్కి వెక్కి ఏడ్చారట. మనవలు హడలిపోయి టీవీ కట్టేశారట.

మనలాంటివాళ్లం ఏడిస్తే ముఖం కడుక్కుని ఊరుకుంటాం. పై ఆఫీసరు ఏడిస్తే అలా ఊరికే పోదు, సర్క్యులరు అవుతుంది. సోమవారం ఉదయానికల్లా ఏలూరు శివార్లలోని స్టాఫ్ క్వార్టర్స్ నోటీసు బోర్డు మీద అది అతికించి ఉంది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, విశ్వాసము, విధేయత, వేళకు హాజరగుట మొదలగు సద్గుణములు సైనిక శునకములయందు పుష్కలముగాను, మన సిబ్బందియందు కొరతగాను ఉన్నట్లు యాజమాన్యము దృష్టికి వచ్చినది. కావున ఇకపై ప్రతి నెలా రెండవ శనివారము కాలనీ హాలునందు సైనిక శునక కుటుంబ చలనచిత్రము ప్రదర్శింపబడును. సిబ్బంది సకుటుంబముగా హాజరు కావలెను. కంటతడి ఐచ్ఛికము. అయితే ఆశించబడును."

సినిమా కావాలంటే ఏదో ఒక ఓటీటీ సర్వీసు తీసుకోవాలి. ఏది తీసుకోవాలో తేల్చే పని సంక్షేమ విభాగానిది. సంక్షేమ విభాగం అంటే సూపరింటెండెంటు దూలం త్రిమూర్తులు. అప్పటిదాకా ఆయన పని రిటైరయ్యేవాళ్లకి శాలువాలు, పోయినవాళ్లకి పూలదండలు. ఎవరికి ఏది అన్నది తారుమారు కాకుండా చూసుకుంటే నెల గడిచిపోయేది.

సర్క్యులరు చదివిన త్రిమూర్తులు దాన్ని మళ్లీ మొదట్నుంచీ చదివాడు. ఎందుకంటే ఆ క్షణాన, ఏ నిబంధనకీ తెలియకుండా, ఆయన పడగ్గదిలో ఒక అసలుసిసలు సైనిక శునకం నిద్రపోతోంది.

దాని పేరు రాణి. ఆయన బావమరిది ఏడుకొండలు సైన్యంలో కుక్కల్ని చూసుకునే ఉద్యోగి. బాంబులు వాసనపట్టే రాణితో ఎనిమిదేళ్లు కొండలూ గుట్టలూ తిరిగాడు. దానికి వయసు మళ్లి, వెనక కాలు కుంటుపడి, రిటైరైతే, తన పేర రాయించుకుని తెచ్చుకున్నాడు. తెచ్చుకున్న నెలకే అతన్ని సరిహద్దుకి పంపారు. అక్కడికి రిటైరైన కుక్కని తీసుకెళ్లకూడదు. "బావా, నేనొచ్చేదాకా దీన్ని కనిపెట్టుకో. నీకు దణ్ణం పెడతాను" అని ఏలూరు స్టేషన్లో గొలుసు చేతిలో పెట్టి, రైలు కదిలేదాకా కుక్క తల వదల్లేదు.

త్రిమూర్తులుకి అప్పటివరకూ కుక్కలంటే పడదు. కాని ఆఫీసులో పొద్దస్తమానం ఎవరూ పట్టించుకోని మనిషిని, ఇంటికి రాగానే ఒక ప్రాణి చెప్పుల దగ్గర్నుంచి చొక్కా జేబుదాకా శ్రద్ధగా తనిఖీ చేసి, ప్రమాదమేమీ లేదని తేల్చుకుని, పక్కన చేరి నిట్టూర్చి పడుకుంటే ఎంతకాలం పడకుండా ఉంటుంది? రెండు వారాల్లో ఆయన దాని పక్కనే చాపేసుకోవడం మొదలెట్టాడు.

చిక్కల్లా కాలనీ రూలుతోనే. క్వార్టర్లలో జంతువులు, పక్షులు ఉండరాదు. పరిపాలనాధికారి సర్వోత్తమరావు గారు ఈ విషయంలో మహా నిక్కచ్చి మనిషి. ఆ ముందు ఏడాది టైపిస్టు ఇంట్లో చిలక దొరికితే, "నీవు ఏ అధికారముతో నివసించుచున్నావు" అని పంజరానికే నోటీసు అతికించారు. చిలక గడువులోగా జవాబివ్వలేదు. టైపిస్టు క్వార్టరు ఖాళీ చేసింది.

సరే, ఓటీటీ ఎంపికకి కమిటీ వేశారు. సర్వోత్తమరావు గారు అధ్యక్షులు. అకౌంట్స్ ఆఫీసరు, ఇంజినీరు సభ్యులు. త్రిమూర్తులు టీ తెప్పించడానికీ, తిట్లు తినడానికీ.

"నిబంధనల ప్రకారం మూడు కంపెనీల నుంచి సీల్డు కవర్లో కొటేషన్లు రావాలి. నమూనా జతచేయాలి" అన్నారు సర్వోత్తమరావు గారు.

"నమూనా అంటే అండీ?" అన్నాడు త్రిమూర్తులు.

"గోనెసంచికి నమూనా లేకుండా కొంటున్నామా? ఇద్దరం చెరో కొసా పట్టుకుని లాగి చూస్తున్నాం కదా? దీన్నీ లాగి చూడొద్దూ?"

కంపెనీలకి ఉత్తరాలు వెళ్లాయి. ఒక్క కంపెనీ నుంచి మాత్రం "మీ సందేశం మాకెంతో ముఖ్యం" అని మిషను జవాబొచ్చింది. దాన్ని సర్వోత్తమరావు గారు రెండుసార్లు చదివి, "సంస్కారవంతులు" అని ఫైల్లో పెట్టించారు.

తీరా చర్చకి కూర్చుంటే, ఎవరి గోల వారిది. సర్వోత్తమరావు గారి భార్య చూసే సీరియళ్లు ఒక దాంట్లో వస్తాయి. అకౌంట్స్ ఆఫీసరుకి క్రికెట్టు ఇంకో దాంట్లో వస్తుంది. ఇంజినీరు అత్తగారికి కావలసిన ప్రవచనాలు మూడో దాంట్లో ఉన్నాయి. ఆ మాట మాత్రం ఒక్కరూ పైకి అనరు. అందరూ కుక్కల గురించే మాట్లాడతారు.

"నేను చెప్పేదాంట్లో కుక్కలు క్రమశిక్షణ కలవి" అంటారు సర్వోత్తమరావు గారు.

"అవన్నీ విదేశీ కుక్కలండీ. మన సిబ్బందికి అర్థమయ్యే విధేయత కావాలి" అంటాడు అకౌంట్స్ ఆఫీసరు.

"మా దాంట్లో కుక్కలకి భక్తి ఎక్కువ" అంటాడు ఇంజినీరు.

ఇలా నాలుగు సమావేశాలూ, లెక్కలేనన్ని సమోసాలూ అయ్యాక, ముగ్గురికీ సమానంగా ఇష్టం లేని నాలుగో సర్వీసు ఒకటి ఖాయం చేశారు. మొదటి నెల ఉచితం. ఆ మాటకి అకౌంట్స్ ఆఫీసరు కూడా మెత్తబడ్డాడు.

నమోదు చేసుకోవడానికి ఫోను నంబరు అడిగింది. సొంత సెల్ నంబరు ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు, రేపు ఆడిట్లో ఎవరు జవాబు చెప్పాలని. అంచేత ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరిచ్చారు. ఓటీపీ దానికి వస్తుందని అటెండరు సోమయ్యని కాగితం, కలం ఇచ్చి ఫోను పక్కన కూర్చోబెట్టారు.

రెండో శనివారం కాలనీ హాలు కిటకిటలాడింది. చంటిపిల్లలతో సహా అందరూ వచ్చారు. ఎం.డి. గారు ముందు వరసలో, చేతిరుమాలు మడత విప్పుకుని మరీ కూర్చున్నారు. తెర మీద "ఓటీపీ నమోదు చేయండి" అని ఒక్క ముక్క వచ్చి ఆగిపోయింది. ఆఫీసులో సోమయ్య ఫోను కేసి చూస్తున్నాడు. హాల్లో జనం తెర కేసి చూస్తున్నారు. హాజరు తప్పనిసరి కాబట్టి ఎవరూ లేవలేదు. రెండు గంటలు ఆ ఒక్క ముక్కే చూశారు. సర్వోత్తమరావు గారు మధ్యలో లేచి, "కథ నెమ్మదిగా సాగుతుంది, ఓపిక పట్టాలి" అని కూడా చెప్పారు.

ఎం.డి. గారు రుమాలు మళ్లీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు.

"కుక్క ఏది?" అన్నారు.

ఇంజినీరు లేచి తెర వెనక కూడా చూసి వచ్చాడు.

"వచ్చే రెండో శనివారం ఈ తెర మీద నాకు కుక్క కనపడాలి. ఈలోగా ప్రతి క్వార్టరూ తనిఖీ చేయండి. క్రమశిక్షణ అడుగంటింది. రూలు తప్పినవాడు ఎవడైనా సరే, ఆ రోజే ఖాళీ చేయించండి."

మూడో రోజు ఉదయం తనిఖీ త్రిమూర్తులు గుమ్మంలోకి వచ్చింది. సర్వోత్తమరావు గారు చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టారో లేదో, పడగ్గదిలోంచి "భౌ" అని వినపడింది. పెద్ద అరుపేం కాదు. కొత్త మనిషి వచ్చాడు, సంచి చూపించమను, అన్నట్టుగా ఒక్క మాట.

త్రిమూర్తులు గబగబా పడగ్గది తలుపు గడియ పెట్టాడు.

"ఏమిటా శబ్దం?" అన్నారు సర్వోత్తమరావు గారు.

వంటింట్లోంచి త్రిమూర్తులు భార్య సత్యవేణి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "సినిమా అండీ. ఎం.డి. గారు అంత మాటన్నారని ఈయన పొద్దున్నే లేచి శాంపిల్ చూస్తన్నారు. చెబితే వినరు. కాఫీ కూడా తాగలేదండీ."

సర్వోత్తమరావు గారు పడగ్గది తలుపు దగ్గరికెళ్లి చెవి పెట్టారు. లోపల రాణి గోళ్లు టకటకలాడించుకుంటూ వచ్చి, తలుపు కింద సందులోంచి ఆయన్ని గట్టిగా వాసన చూసింది. సర్వోత్తమరావు గారి మొహం విప్పారింది.

"ఆహా! శ్వాస కూడా వినపడుతోందండీ! ఎంత స్పష్టంగా ఉందీ శబ్దం! ఏ సర్వీసండీ ఇది?"

"రాణి..." అన్నాడు త్రిమూర్తులు, ఇక దాచేదేముందని.

"రాణి?"

"రాణి ప్లస్ అండీ" అంది సత్యవేణి చటుక్కున.

"ఓటీపీ అడుగుతుందా?"

"అడగదండీ."

"మధ్యలో ప్రకటనలు?"

"ఛ ఛ, అలాంటిదేం లేదండీ. మొదలెడితే ఆగదు."

"చందా?"

"పూటకింత పెరుగన్నం..." అని నాలిక్కరుచుకుంది సత్యవేణి. "ఆ, పెరుగన్నం తిన్నంత తేలికండీ. పెద్ద చందా కాదు."

ఆ సాయంత్రమే కమిటీ సమావేశమైంది. "సదరు రాణి ప్లస్ సేవను అధ్యక్షులు స్వయముగా పరీక్షించి, నాణ్యత సంతృప్తికరముగా నున్నట్లు, లాగి చూడగా చిరగనట్లు ధ్రువీకరించినందున, ఏకగ్రీవముగా ఆమోదించడమైనది." ఎవరింట్లోనూ అది రాదు కాబట్టి ఎవరికీ అసూయ కలగలేదు.

"నువ్వేం చేశావో నీకు తెలుస్తోందా?" అన్నాడు త్రిమూర్తులు ఇంటికొచ్చి.

"కుక్కని కాపాడాను" అంది సత్యవేణి.

"రెండో శనివారం తెర మీద ఏం చూపించను? నా తలకాయా? నిజం చెప్పేసి కాళ్లు పట్టుకుంటాను."

"పట్టుకోండి. వాళ్లు దీన్ని వీధిలోకి తోలేస్తారు, మనల్ని కూడాను. మనకంటే ఎక్కడో చోట అద్దె కొంప దొరుకుద్ది. ఇంత పెద్ద కుక్కున్నోళ్లకి ఎవరిస్తారండీ ఇల్లు? తమ్ముడు ఫోను చేసి రాణేదక్కా అంటే నేనేం చెప్పను?" అని సత్యవేణి కళ్లనీళ్లు పెట్టుకుంది. రాణి కుంటుకుంటూ వచ్చి ఆమె చీరకొంగు వాసన చూసింది. ప్రమాదమేమీ కనపడక అక్కడే కూలబడింది.

త్రిమూర్తులు దాన్ని కాసేపు చూశాడు. "సరే. తెర మీద కుక్క కావాలన్నారు గదా, కుక్కనే చూపిద్దాం" అన్నాడు.

రాణి ప్లస్‌కి ప్రత్యేకమైన తెర కావాలని ఇంజినీరుకి చెబితే, ఆయన ఎందుకని అడగలేదు. కొత్త పరికరం గురించి ప్రశ్న వేస్తే తనకి తెలియదని తేలిపోతుంది. వేదిక మీద తలుపంత చెక్క చట్రం కట్టించి, చుట్టూ నల్లగుడ్డ వేయించి, వెనక లైట్లు పెట్టించాడు. వెనక్కి ఎవరూ వెళ్లకూడదని, హై వోల్టేజి అని త్రిమూర్తులే బోర్డు రాసి తగిలించాడు.

రెండో శనివారం హాల్లో దీపాలార్పారు. నల్లగుడ్డ వెనక సత్యవేణి గొలుసు విప్పింది. చట్రంలోకి, వెలుగులోకి, రాణి నడుచుకుంటూ వచ్చి నిలబడింది. తెల్లబడ్డ మూతి, కుంటి కాలు, ఒక చెవి మీద పాత గాటు. హాలు "అబ్బా" అంది.

సత్యవేణి ఫోను నొక్కింది. సరిహద్దు నుంచి ఏడుకొండలు ఆదివారం ఆదివారం రాణి కోసం పంపే మాటలు అందులో ఉన్నాయి. "రాణీ! బైఠ్!" అంది గొంతు. రాణి ఠక్కున కూర్చుంది. "షాబాష్! రాణీ, బాగున్నావా? కాలెలా ఉందే? బావని సతాయించట్లేదుగా?"

రాణి చెవులు నిక్కబొడుచుకుంది. చట్రం ఈ మూల చూసింది, ఆ మూల చూసింది. లేచి చుట్టూ తిరిగింది. గొంతుంది, మనిషి లేడు. సన్నగా మూలిగింది. మాటలైపోయాయి. అయినా అది కదలకుండా, ఇంకోసారి పిలుస్తాడేమోనని మెడ పక్కకి వంచి కూర్చుంది.

ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. అది ఎం.డి. గారు. వెంటనే హాలంతా మొదలెట్టింది. మొదట్లో ఎం.డి. గారు ఏడుస్తున్నారని ఏడ్చారు గాని, పోనుపోను నిజంగానే ఏడ్చారు. అకౌంట్స్ ఆఫీసరు తన భార్య భుజం మీద పడి భోరుమన్నాడు. రోజూ చూసే కుక్కే అయినా త్రిమూర్తులుకి కళ్లు మసకబారి ఏమీ కనపడలేదు.

అందుకే రాణి చట్రం దాటి కిందికి దిగడం ఆయన చూడలేదు.

పిలిచిన మనిషి తెర వెనక లేడు కాబట్టి, జనంలో ఉండాలి. రాణి తన పని మొదలెట్టింది. ముందు వరస ఒక కొస నుంచి ఒక్కొక్కరి కాళ్లూ, సంచులూ వాసన చూసుకుంటూ వస్తోంది. ఇంజినీరు భార్య కెవ్వున కేకేసి కుర్చీ ఎక్కింది.

"భయపడకండి!" అని లేచి నిలబడ్డారు సర్వోత్తమరావు గారు. "త్రీడీ!"

"కళ్లజోళ్లు లేకుండానా?" అన్నాడు అకౌంట్స్ ఆఫీసరు ఏడుపు మధ్యలో.

"ఈ సర్వీసులో అక్కర్లేదండీ. అదనపు చార్జీ కూడా లేదు."

ఆ మాటతో జనం కుదుటపడి, త్రీడీకి దారిస్తూ కాళ్లు పైకెత్తి కూర్చున్నారు. రాణి వరసంతా వెతికింది. ఏడుకొండలు లేడు. చివరికి ఎం.డి. గారి దగ్గర ఆగింది. ఆయన చేతిలో తడిసిన రుమాలు వాసన చూసి, ఒక్క నిట్టూర్పు విడిచి, గడ్డం ఆయన మోకాలి మీద ఆనించింది.

ఎం.డి. గారి చెయ్యి దాని తల మీదికి వెళ్లింది. "వెచ్చగా ఉందే" అన్నారు.

"అధునాతన సాంకేతిక పరిజ్ఞానం సార్" అన్నారు సర్వోత్తమరావు గారు.

ఎం.డి. గారి వేళ్లు చెవి దగ్గర ఆగాయి. చెవి లోపల సైన్యంవాళ్లు పొడిచిన పచ్చబొట్టు నంబరుంది. ఆయన దాన్ని వేలితో తడిమి చూసి, తలెత్తి త్రిమూర్తులు కేసి చూశారు. త్రిమూర్తులు చేతులు జోడించి ముందుకొచ్చాడు.

"సార్, తప్పు నాదే సార్. అది మా..."

"ఆగండి" అన్నారు ఎం.డి. గారు. సర్వోత్తమరావు గారి వైపు తిరిగారు. "మన క్వార్టర్లలో కుక్కలుండకూడదన్న నిబంధన అమల్లో ఉందా?"

"కచ్చితంగా ఉంది సార్."

"మీరు తనిఖీ చేశారా?"

"ఇంటింటికీ స్వయంగా చేశాను సార్. లేవు."

"నిబంధన ఉంది, తనిఖీ అయింది. మరి ఈ కాలనీలో కుక్క ఉండటానికి అవకాశం ఉందా?"

"అసంభవం సార్!"

"కాబట్టి ఇది?"

"రాణి ప్లస్ సార్!"

"అంతే" అన్నారు ఎం.డి. గారు. రాణి మూతి మీద తెల్లటి వెంట్రుకల్ని కాసేపు నిమిరారు. "ఈ సేవ ఎంతకాలం వస్తే అంతకాలం కొనసాగించండి. దీన్ని త్రిమూర్తులు గారి క్వార్టరు నుంచి కదపడానికి వీల్లేదు. సాంకేతిక కారణాల వల్ల."

సోమవారమే ఉత్తర్వు వచ్చింది. తర్వాత రెండో శనివారం తెర మీద రాణి సాంతం నిద్రపోయింది. అయినా హాలు నిండింది. ఆ మధ్య అకౌంట్స్ ఆఫీసరు సాయంత్రం పూట గేటు దగ్గరికి వచ్చి, వసారాలో పడుకున్న రాణిని చూసి, గొంతు తగ్గించి, "ఇందులో క్రికెట్టు కూడా వస్తుందా అండీ?" అని అడిగి వెళ్లాడు. సర్వోత్తమరావు గారి భార్య మాత్రం ఏమీ అడగదు. రోజూ ఉడికించిన గుడ్డొకటి తెచ్చి, "మా చందా" అని పెట్టి పోతుంది.

ఒక ఆదివారం ఏడుకొండలు ఫోను చేశాడు. "బావా, అక్కడ కుక్కలుండకూడదన్నావుగా. ఏం ఇబ్బంది లేదు కదా? నాకిక్కడ నిద్ర పట్టట్లేదు. ఉంటే ఉందని, లేకపోతే లేదని చెప్పెయ్."

"ఇక్కడ కుక్కలుండకూడదురా. ఇప్పటికీ అదే రూలు" అన్నాడు త్రిమూర్తులు.

"అయితే రాణి..." అన్నాడు ఏడుకొండలు.

త్రిమూర్తులు జవాబు చెప్పకుండా ఫోను కిందికి, రాణి దగ్గరికి దించాడు. ఆ గొంతులో తన పేరు విని అప్పటికే రాణి తోక గచ్చు మీద టపటపా కొట్టుకుంటోంది. అటుపక్క ఏడుకొండలు ఆ చప్పుడు వింటూ, ఫోను పెట్టెయ్యకుండా, చాలాసేపు ఏడ్చాడు.